పళ్ళాయన ఆకుపచ్చ కారు

ఆయన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనేవారు. ఆ మాట విని కొత్తవాళ్ళు పొరబడుతుండేవారు. ఒకసారి పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగినావిడ సంచీ పట్టుకుని మేడమెట్లెక్కి వచ్చి, "ద్రాక్షపళ్ళున్నాయా అండీ?" అని అడిగింది. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, అంతే మర్యాదగా, "లేవండీ, దవడపళ్ళే ఉన్నాయి" అన్నాడు.

ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. ఊళ్ళోని నలుగురైదుగురు పళ్ళ డాక్టర్లు రోగుల నోటి కొలతలు తీసి పంపితే, మేడమీది గదిలో కూర్చుని మైనంతో రూపం కట్టి, అచ్చు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి, చిన్న అట్టపెట్టెల్లో సర్ది తిరిగి పంపేవాడు. ఆ గదిలో కిటికీ చువ్వల మీద, బల్ల మీద, రేడియో మీద, ఆయన కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి సుద్దపొడి ఉండేది. గోడ పొడుగునా అరల్లో సుద్దతో పోసిన దవడలు వరసగా కూర్చుని ఉండేవి. పొద్దున ఎండ పడ్డప్పుడు అవన్నీ ఏదో పాట మొదలుపెట్టబోతున్నట్టు కనిపించేవి.

ఆయన భార్య పరదాల దుకాణంలో గుడ్డ కత్తిరించే పని చేసేది. ఏ కిటికీనైనా ఒక్క చూపు చూసి ఎన్ని గజాలు పడుతుందో చెప్పేయగలదు. పిల్లలు లేరు. ఇద్దరూ పొద్దున్నే కలిసి కాఫీ తాగి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ కలుసుకుని, గుమ్మంలో ఆయన చొక్కా మీది సుద్దా ఆవిడ చీర మీది దారప్పోగులూ దులుపుకుని లోపలికి వచ్చేవారు. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఆయన బతుకులో ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు ఆ పళ్ళ డాక్టర్లలోని పెద్ద డాక్టరు ఆస్పత్రి మూసేశాడు. డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో ఎవరికీ లేని కారు ఒకటి ఆయనకుండేది. ముదురు ఆకుపచ్చ రంగు. నేలకి అంటుకుని పోతున్నట్టు ఉండే ఒళ్ళు, రెండే తలుపులు, ముందు ఇద్దరు మనుషులు, వెనక రెండు సంచులు పట్టేంత చోటు. పరుగు కోసమే తయారుచేసిన కారు అది.

ఆఖరి అట్టపెట్టె ఇవ్వడానికి వెళ్ళిన రోజున పెద్ద డాక్టరు ఈయన్ని గుమ్మంలో ఆపాడు.

"మోకాళ్ళు వంగడం లేదోయ్. ఎక్కితే దిగలేను, దిగితే ఎక్కలేను. ఆ కారు నువ్వు తీసుకో."

"నాకెందుకండీ అంత కారు?"

"పాతికేళ్ళుగా పెట్టెలు తెచ్చి ఇస్తున్నావు. ఒక్కసారైనా దాని చుట్టూ తిరక్కుండా ఇంటికి వెళ్ళావా? నేను కిటికీలోంచి చూడలేదనుకున్నావా?"

చెప్పిన ధర వింటే నమ్మబుద్ధి కాలేదు. పాతబడ్డ మామూలు చిన్న కారుకి అంతవుతుంది. పెద్ద డాక్టరు తాళాలు చేతిలో పెడుతూ, "ధర నేను తగ్గించగలిగాను. ఖర్చు తగ్గించడం నా చేతిలో లేదు. తర్వాత నన్ను తిట్టుకోకు" అన్నాడు. ఆ మాట పళ్ళాయన చెవికి చేరింది గానీ లోపలికి దిగలేదు.

ఇంటి ముందు కారు ఆగితే భార్య బయటికి వచ్చి చుట్టూ ఒకసారి నడిచింది.

"తలుపులు రెండే ఉన్నాయేం? మిగతా రెండూ తర్వాత ఇస్తారా?"

"ఇది అంతేనే. ఇలాంటివాటికి రెండే ఉంటాయి."

"నాలుగున్నదానికంటే రెండున్నదానికి ఎక్కువవుతుందని ఇప్పుడే వింటున్నాను" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఆయన ఒక్కడే కారు తీశాడు. ఊరు దాటాక రంపపు మిల్లు, అది దాటాక కొండ చుట్టూ మెలికలు తిరిగే పాతరోడ్డు. లారీలు కొత్తరోడ్డుకి మళ్ళిపోయాక అటు ఎవరూ రావడం లేదు. మంచు రోడ్డు మీద అడుగెత్తున పరుచుకుని ఉంది. మొదటి మలుపు తిరిగి కాలితో కాస్త నొక్కేసరికి ఇంజను గొంతు మారింది. అప్పటిదాకా గురగురలాడిన శబ్దం సన్నబడి, పైకి లేచి, ఒక తీగలా సాగింది. ఆ శబ్దం ఆయనకి తెలుసు.

తొమ్మిదేళ్ళప్పుడు ఏదో జ్వరం పట్టుకుని మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. కిటికీ లోంచి ఆకాశం ముక్క తప్ప ఏమీ కనిపించేది కాదు. రోజూ మధ్యాహ్నం, ఇల్లంతా కునుకుతున్న వేళ, దూరంగా కొండ మీదికి ఏదో బండి ఎక్కుతున్న శబ్దం వచ్చేది. మూడుసార్లు గొంతు మార్చుకుని, నాలుగోసారి గాలిలో కలిసిపోయేది. అది ఎవరిదో, ఎక్కడికి పోతోందో ఎప్పుడూ చూడలేదు. కళ్ళు మూసుకుని దాని వెంట తను కూడా కొండ ఎక్కేవాడు. జ్వరం తగ్గి లేచి బయటికి వచ్చేసరికి ఆ శబ్దం రావడం మానేసింది. ఇప్పుడు ముప్పై ఏడేళ్ళ తర్వాత ఆ శబ్దం లోపల తను కూర్చుని ఉన్నాడు.

నెల తిరక్కుండానే ముందు చక్రం దగ్గర కీచుమని చప్పుడు మొదలైంది. అలాంటి ఇంజను మీద చెయ్యి వేయగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. కలప అడితీ వెనక వాళ్ళ నాన్న పెట్టిన షెడ్డుని నడుపుతున్న మెకానిక్కు. ఎనిమిదేళ్ళు పెద్ద కంపెనీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చింది. ఈయన ఆవిడని చెల్లెమ్మా అనేవాడు, ఆవిడ ఈయన్ని అన్నయ్యగారూ అనేది. కారుని పైకెత్తి, దీపం పట్టుకుని కింద అంతా తిరిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ స్టూలు మీద కూర్చోండి. నిలబడి వినే విషయం కాదు."

ఆయన కూర్చున్నాడు.

"బ్రేకు డిస్కులు నాలుగూ అయిపోయాయి. టైర్లు ముందువి వేరు, వెనకవి వేరు, అటూ ఇటూ మార్చుకుని వాడుకోవడానికి లేదు. రబ్బరు మెత్తన. రోడ్డుని అలా పట్టుకోవాలంటే అలా అరిగిపోవాలి మరి. మామూలు కారుకి నాలుగొచ్చే డబ్బుకి దీనికి ఒకటొస్తుంది. ఇంజనాయిలు మామూలు బండి నాలుగు లీటర్లు తాగితే ఇది తొమ్మిది తాగుతుంది, అదీ కంపెనీ చెప్పిందే పోయాలి. పెట్రోలు కూడా పంపులో అన్నిటికంటే ఖరీదైనదే. ఇంకా చెప్పనా, కాస్త మంచినీళ్ళు తాగుతారా?"

"కొన్న ధర చిన్నదేగా చెల్లెమ్మా" అన్నాడాయన నీరసంగా.

"పాతబడితే ధర పడిపోతుంది. సామాను ధర మాత్రం కారు కొత్తగా ఉన్నప్పటిదే. ఇది తను పాతబడ్డానని ఒప్పుకోదు."

ఆ సాయంత్రం భార్యకి విషయం చెప్పాడు. కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ లెక్క వేసింది. "ఒక్కో టైరూ ఒక్కో పెద్ద కిటికీ. అస్తరుతో సహా. అంటే హాలంతా చక్రాలకి కట్టి తిప్పుతున్నారన్నమాట" అంది. తర్వాత రెండు మూడు వారాలు ఆయన ఆదివారం బయల్దేరుతుంటే పక్కకి తిరిగి పడుకునేది.

నాలుగో వారం మాత్రం ఆయన తాళాలు తీసుకునేసరికి ఆవిడ శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంత డబ్బు పోస్తున్నది దేనికో ఒకసారి చూస్తాను" అంది.

పాతరోడ్డు మీద మొదటి మలుపు దాకా తలుపు పిడి వదల్లేదు. రెండో మలుపు దగ్గర చెప్పులు విప్పేసి కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇంజను గొంతు మారి పైకి లేచినప్పుడు ఆయన ఓరకంట చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. భయపడుతోందేమోనని వేగం తగ్గించాడు.

"ఎందుకు తగ్గించారు?" అంది కళ్ళు తెరవకుండానే.

కొండపైన బండి ఆపుకుని ఇద్దరూ దిగారు. కింద లోయంతా మంచు, మంచులోంచి పొడుచుకొచ్చిన రంపపు మిల్లు గొట్టం, దాని మీద వాలిన ఒక కాకి. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఆవిడ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి వెచ్చబెట్టుకుంది. ఆ తర్వాత ఖర్చు గురించి ఎత్తిపొడవలేదు. దుకాణం నుంచి పరదాల అంచులు కుట్టే పని ఇంటికి కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టింది. దేనికని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఒకసారి కారు ఎడమ కిటికీ అద్దం కిందికి దిగి మళ్ళీ పైకి రానంది. తలుపు విప్పి చూస్తే లోపల వేలెడంత పళ్ళచక్రం, దానికి రెండు పళ్ళు విరిగి ఉన్నాయి. చెల్లెమ్మ కంపెనీకి ఫోను చేస్తే, చక్రం విడిగా అమ్మం, తలుపు లోపలి సరంజామా అంతా కొనాల్సిందే అన్నారు. ధర విని ఆవిడే ఫోను పెట్టేసింది. పళ్ళాయన ఆ చక్రాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మర్నాడు బల్ల ముందు కూర్చుని, బాగున్న పళ్ళకి అచ్చు తీసి, విరిగిన చోట మైనంతో రెండు పళ్ళు నిలబెట్టి, నోట్లో పెట్టే పంటికి ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్తగా లోహం పోసి, అరగదీసి, మెరుగుపెట్టి తీసుకెళ్ళాడు. బిగించి మీట నొక్కితే అద్దం మెల్లగా పైకి లేచింది.

చెల్లెమ్మ నేల మీద చతికిలబడి నవ్వింది. "కారుకి కట్టుడు పళ్ళు! అన్నయ్యగారూ, రాత్రిపూట తీసి నీళ్ళలో వేయాలా?"

అది మంచి రోజు. కానీ అలా ఇంట్లో చేసుకోగలిగినవి కొన్నే. రెండో ఏడు డిస్కులు మళ్ళీ అరిగాయి, ఆ తర్వాత క్లచ్ పోయింది. పళ్ళాయన ఇంకో ఇద్దరు డాక్టర్ల దగ్గర పని ఒప్పుకున్నాడు. వారానికి పదిహేను సెట్లు చేసే చెయ్యి ఇరవై ఎనిమిది చేయసాగింది. మెరుగుపెడుతూ కునుకు పట్టేది. ఆ కునుకులో పాతరోడ్డు మీద మంచు కనిపించేది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. రెండు మెట్లెక్కి ఆగి, మళ్ళీ రెండెక్కి ఆగి, చివరికి ఒక ముసలావిడ గుమ్మంలో నిలబడింది. చేతిలో రుమాలులో చుట్టిన పొట్లం ఉంది.

"బాబూ, ఈ పళ్ళు చేసింది నువ్వేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి. డాక్టరుగారికి చూపించకపోయారా, ఇంత దూరం వచ్చారు?"

"చూపించాను. కొన్నాళ్ళు పోతే అలవాటవుతుందన్నాడు. అలవాటు కావడం లేదు. వీటితో నాకు 'స' పలకడం లేదు నాయనా. ఈల వస్తోంది."

ఆవిడ బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. భర్తకి చూపు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం రెండు గంటలు పుస్తకం చదివి వినిపిస్తోంది. కొత్త పళ్ళు పెట్టుకుని చదువుతుంటే 'సముద్రం' అన్నప్పుడల్లా ఈల వచ్చింది.

"మూడు రోజులు ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగో రోజు, ఇక చాల్లే, నీకు శ్రమ, రేడియో పెట్టు అన్నారు. అప్పటినుంచి రేడియో పెడుతున్నాను" అందావిడ. ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు, జరిగింది చెప్పినట్టే చెప్పింది.

పళ్ళాయన పొట్లం విప్పి కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. పై పళ్ళ వరస దారమంత ముందుకి వచ్చి ఉంది. ఎప్పుడు చేశాడో గుర్తొచ్చింది. డిస్కుల డబ్బు కట్టాల్సిన వారం. ఆ రోజు తొమ్మిది సెట్లు చేశాడు. ఇది ఎనిమిదోదో తొమ్మిదోదో. సరిచూసుకోకుండా పెట్టెలో పెట్టేశాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దాచుకోవడం చేతకాని మనిషి కనక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు: తనకో కారుందని, దాని కోసం మోయలేనంత పని నెత్తిన వేసుకున్నానని, ఆ తొందరలో ఇలా అయిందని. పంతులమ్మ తప్పు రాసిన పిల్లవాణ్ణి చూసినట్టు కాసేపు చూసి, "సరే, ఇప్పుడు దిద్దు" అంది.

ఆవిడ వరసగా ఐదు మధ్యాహ్నాలు వచ్చింది. ఆయన పళ్ళని మళ్ళీ మైనంలో నిలబెట్టి, ఆవిడ నోట్లో పెట్టించి, చదవమనేవాడు. ఆవిడ 'సన్నజాజి', 'సాయంత్రం', 'సముద్రం' అంటుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. మళ్ళీ తీసి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ వినేవాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీదినుంచి నేల మీదికి, నేల మీదినుంచి గోడ మీదికి పాకేది. ఐదో రోజు 'సముద్రం' ఏ అడ్డూ లేకుండా వచ్చింది. ఆవిడ అదే మాట మళ్ళీ అంది, ఊరికే, వినడం కోసం.

పళ్ళు పూర్తిచేసి ఆదివారం పొద్దున ఆయనే వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వరండాలో పడక్కుర్చీలో ఉన్న ముసలాయన, కారు ఆగగానే తల అటు తిప్పాడు.

"ఏం బండయ్యా అది? ఆగిన తర్వాత కూడా ఊపిరి తీస్తోంది?"

"అదేనండీ, ఆవిడ చెప్పి ఉంటారు."

"చెప్పింది. ఎక్కించుకో మరి."

ఆయన గూడ్సు రైళ్ళలో గార్డుగా ముప్పై రెండేళ్ళు చేశాడట. సీటులోకి దింపి బెల్టు పెడుతుంటే, "ముప్పై రెండేళ్ళూ రైలుకి చివరి పెట్టెలో కూర్చున్నాను. దాటిపోయిందే చూశాను గానీ, ఎదురొచ్చేది ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. అని తనే నవ్వాడు.

రంపపు మిల్లు దాకా మెల్లగా వెళ్ళారు.

"ఎంతలో పోతున్నాం?"

"నలభై అండీ."

"నలభైకేనా ఈ హంగామా! మా గూడ్సు బండి నయం. కొట్టవయ్యా!"

పాతరోడ్డు ఖాళీగా ఉంది. పళ్ళాయన నొక్కాడు. ఇంజను ఒకసారి గొంతు మార్చుకుంది, రెండోసారి మార్చుకుంది. ముసలాయన తల వెనక్కి వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. గాలికి తెల్లజుట్టు లేచి నిలబడింది. కొండపైకి వచ్చేశారు. ఆగాక, "రంగేమిటి?" అని అడిగాడు.

"ముదురు ఆకుపచ్చండీ."

"అలాగే అనిపించింది. సరే గానీ, దీన్ని మేపడానికి ఎంతవుతోంది?"

పళ్ళాయన చెప్పాడు. ముసలాయన వేళ్ళతో ముందున్న బోర్డు తడుముతూ విన్నాడు.

"మా ఆవిడ ఈల కూడా ఆ ఖర్చులోదేనా?"

"అవునండీ."

"ఈ తిప్పుడుతో ఆ ఈల చెల్లు. కానీ ఇంకెవరి నోటికీ తేకు. ఊ, పోనీ, దిగేటప్పుడు కూడా ఇలాగే కొట్టు."

ఆ వారంలోనే పళ్ళాయన కొత్త డాక్టర్లిద్దరికీ కుదరదని చెప్పేశాడు. చెల్లెమ్మ షెడ్డుకి వెళ్ళి, ఇకమీదట డబ్బుంటేనే బండి నడుస్తుంది, లేనప్పుడు పడుకుంటుంది అన్నాడు.

"పడుకున్నా ఖర్చే అన్నయ్యగారూ. కదలకపోతే రబ్బర్లు ఎండుతాయి, బ్యాటరీ చస్తుంది, టైర్లు ఆనిన చోట చదునవుతాయి."

"కదుపుతూ ఉంటాను."

అలా ఆ కారు ఏడాదిలో ఎనిమిది నెలలు షెడ్డు మూల నిద్రపోయేది. భార్య మిగిలిపోయిన పరదా గుడ్డలతో దానికి ముసుగు కుట్టింది. నీలం మీద పెద్ద పెద్ద పువ్వులు. శనివారం సాయంత్రాలు ఆయన వెళ్ళి ముసుగు ఎత్తి, భుజం ఆనించి, బండిని జానెడు ముందుకి తోసేవాడు. మరుసటి శనివారం జానెడు వెనక్కి. కొన్నిసార్లు లోపల కూర్చుని స్టీరింగు పట్టుకుని ఊరికే ఉండేవాడు. ముసుగు తీయకపోతే అద్దాల మీద పువ్వుల నీడ పడి లోపలంతా నీలంగా ఉండేది. చెల్లెమ్మ అటుగా వస్తే, "ఎంతదాకా వెళ్ళారు?" అని అడిగేది. "కొండ సగం" అనేవాడు. చేతిలో నాలుగు డబ్బులు కూడిన నెలల్లో నిజంగానే వెళ్ళేవారు, ఆయనా భార్యా, తెల్లవారుతుండగా.

ఆరేళ్ళు అలా నడిచింది. ఏడో ఏడు ఇంజను లోపల గొలుసు చప్పుడు మొదలైంది. ఇంజను మొత్తం కిందికి దించి విప్పాలి. ఈసారి చెల్లెమ్మ ఆయన్ని కూర్చోమనలేదు, తనే వచ్చి పక్కన కూర్చుంది.

"కారు కొన్నదానికంటే ఎక్కువవుతుంది. ఆ డబ్బు మీ చేతిలోంచి నేను తీసుకోలేను. అమ్మేయండి అన్నయ్యగారూ. దీన్ని మేపగలిగిన వాళ్ళున్నారు."

వేరే ఊరి నుంచి ఎముకల డాక్టరమ్మ ఒకావిడ చూడటానికి వచ్చింది. ఆవిడ దగ్గర అలాంటిదే ఇంకొకటి ఉందట. పళ్ళాయన ఆవిడకి గొలుసు చప్పుడు, ఆయిలు కారే చోటు, వానాకాలం వైపరు మొరాయించే సంగతి, కిటికీలో తను పోసిన పళ్ళు, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చెల్లెమ్మ మోచేత్తో పొడిచింది. "అమ్ముతున్నారా, చాడీలు చెప్తున్నారా?" డాక్టరమ్మ నవ్వి, అడిగినంతా ఇచ్చింది.

కారు లారీ మీదికి ఎక్కుతుంటే పళ్ళాయన బాగానే ఉన్నాడు. తాళ్ళు ఎక్కడ కట్టాలో కూడా చెప్పాడు. భార్యే నిలబడలేకపోయింది. పువ్వుల ముసుగు మడత పెడుతూ పెడుతూ అందులోనే మొహం దాచుకుని ఏడ్చింది. చెల్లెమ్మ పరుగెత్తుకొచ్చి, "ఊరుకో వదినా, కారేగా" అంటే, "కారేనమ్మా, నాకు తెలుసు" అని మళ్ళీ ఏడ్చింది. పళ్ళాయన ఆవిడ పక్కన నిలబడి ఏం చేయాలో తెలియక చీర మీది దారప్పోగు తీశాడు.

తర్వాతి వేసవిలో వాళ్ళు చిన్న తెల్లకారు కొన్నారు. నాలుగు తలుపులు. భార్య కూడా నేర్చుకుని దుకాణానికి అందులోనే వెళ్ళివస్తోంది. మొదటి సర్వీసు అయ్యాక తీసుకోవడానికి పళ్ళాయన వెళ్ళాడు. కౌంటరులో అబ్బాయి ఒక కాగితం ఇచ్చాడు. ఆయన అది చదివి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీగా ఉంది.

"రెండో కాగితం ఏది బాబూ?"

"అంతేనండీ. ఆయిలు, ఫిల్టరు."

"ఇంకేమైనా చూడాల్సింది ఉందేమో సరిగ్గా చూశారా?"

"ఏమీ లేదండీ. బండి బాగుంది. మళ్ళీ ఏడాది దాకా రానక్కర్లేదు."

ఆయన డబ్బు కట్టి బయటికి వచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. ఆవరణంతా చిన్న తెల్లకార్లే, నాలుగు వరసల్లో, ఒకదాని పక్కన ఒకటి తడుస్తూ. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తనది ఏదో గుర్తుపట్టలేక పళ్ళాయన తాళాలు చేతిలో పట్టుకుని ఆ వరసల మధ్య నెమ్మదిగా నడవసాగాడు. ఆయనకేమీ తొందర లేదు.